వెన్నుపాములో బుడగలు: నా అనుభవం

లోతు నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం వల్ల వచ్చే జబ్బు డికంప్రెషన్ సిక్‌నెస్. ఆ పేరు అనగానే డైవర్లకు ముందు గుర్తొచ్చేది భుజం నొప్పి, మోకాలి నొప్పి. నాకు కీళ్లలో ఏ నొప్పీ రాలేదు. దెబ్బ వెన్నుపాముకు తగిలింది. నరాలకు తగిలే దెబ్బతో చిక్కేమిటంటే, అది చాలావరకు నొప్పిగా బయటపడదు. ఉండాల్సిన స్పర్శ ఉండదు, రావాల్సిన మూత్రం రాదు, పాదం ఎక్కడుందో తెలియదు. నొప్పి ఉంటే మనిషి తనంతట తనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాడు. లేకుండా పోయినదాన్ని గుర్తుపట్టడం అంత సులువు కాదు. నా విషయంలో చాలా సంగతులు వేరేవాళ్లు వెతికితేనే బయటపడ్డాయి. అందుకే ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు చివరి డైవ్‌లో 28 మీటర్ల లోతుకి వెళ్లాం. ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో లెక్కగట్టి చూపించే డైవ్ కంప్యూటర్ టైమ్‌కి లోబడే ఉన్నాం. పైకి నెమ్మదిగా వచ్చాం, 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్, అంటే పైకి తేలేముందు కాసేపు ఆగడం, పూర్తిగా చేశాం. తర్వాత ఆస్పత్రిలో ఆ డైవ్ గ్రాఫ్‌ని డాక్టర్లు మొదటి నుంచి చివరిదాకా చూసి, నియమం ఎక్కడా తప్పలేదనే చెప్పారు. ఇది వినగానే "మరి ఎందుకొచ్చింది?" అని అందరూ అడుగుతారు.

నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 28 మీటర్ల దగ్గర ఒంటి మీద పడే ఒత్తిడి పైన ఉన్నదానికి సుమారు 3.8 రెట్లు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ సిలిండర్‌లోని గాలిని కూడా అదే ఒత్తిడితో అందిస్తుంది. గాలిలో 78 శాతం నైట్రోజన్. శరీరం దాన్ని వాడుకోదు కానీ, ఒత్తిడి పెరిగేకొద్దీ అది రక్తంలోకి, అక్కడి నుంచి కండలోకి, కొవ్వులోకి కరుగుతూ పోతుంది. నీటిలో కంటే కొవ్వులో సుమారు 5 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. నరాల తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొరలో ఎక్కువ భాగం కొవ్వే. పైకి వచ్చేటప్పుడు ఈ నైట్రోజన్ అంతా మళ్లీ రక్తంలోకి వచ్చి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోవాలి. అది పోయేలోపే ఒత్తిడి తగ్గిపోతే బుడగలు కడుతుంది.

1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద చేసిన ప్రయోగాలతో, మధ్యమధ్యలో ఆగుతూ పైకి వచ్చే పద్ధతినీ దానికి పట్టికలనూ తయారుచేశాడు. ఇప్పటి డైవ్ కంప్యూటర్లలో చాలావరకు ఆ లెక్కకు కొనసాగింపే. శరీరాన్ని కొన్ని ఊహాత్మక భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో ఎంత నైట్రోజన్ చేరింది, ఎంత పోయింది అని అవి లెక్కగడతాయి. ఎవరి రక్తం ఎలా పారుతోంది, ఎవరి గుండె లోపల ఏముంది అన్నది వాటికి తెలియదు. సరదాకి చేసే డైవింగ్‌లో 10,000 డైవ్‌లకు సుమారు 2 నుంచి 4 సార్లు ఈ జబ్బు వస్తుందని అంచనా. ఆ కొద్దిమందిలో అన్నీ సరిగ్గా చేసినవాళ్లూ ఉంటారు.

పడవ ఎక్కి సిలిండర్ దింపిన కాసేపటికి రెండు భుజాల మధ్య, కాస్త కిందుగా ఒక పట్టేసినట్టు నొప్పి మొదలైంది. వెనక నుంచి రెండు పక్కలా పక్కటెముకల వెంబడి ముందుకు వచ్చి, పొట్ట చుట్టూ బెల్టు బిగించినట్టు అయింది. బరువు ఎత్తినప్పుడు వచ్చే నొప్పిలా లేదు. ఒంగినా, తిరిగినా తేడా లేదు. ఆ రోజు నాకు నొప్పి అన్నది ఇంతే, అదీ కాసేపే. ఈ పట్టీ లాంటి నొప్పి వెన్నుపాము డికంప్రెషన్‌కి బాగా తెలిసిన ముందస్తు సూచన అని తర్వాత తెలిసింది. అది తగ్గుతుండగానే అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నీళ్ల సీసా కోసం లేచాను. కుడికాలు వేసిన చోట నిలవలేదు. సముద్రం నిశ్చలంగా ఉంది, నేను మాత్రం ఊగుతున్నాను.

నాతో డైవ్ చేసిన మిత్రుడు "ఏమైందిరా, కాలు అలా వేస్తున్నావేంటి?" అన్నాడు. ఆ మాటకి డైవ్ లీడర్ వెనక్కి తిరిగి చూశాడు. మరో ప్రశ్న వేయకుండా నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్క్ పెట్టించాడు, పడవని ఒడ్డుకి తిప్పించాడు. ఆ రోజు నాకు జరిగిన మంచి అంతా అక్కడే మొదలైందని ఇప్పటికీ నమ్ముతాను. నూటికి నూరు శాతం ఆక్సిజన్ పీలిస్తే, లోపలికి వచ్చే ఊపిరిలో నైట్రోజన్ ఉండదు. దాంతో ఒంట్లో ఉన్న నైట్రోజన్ త్వరగా బయటికి వెళుతుంది, బుడగ చుట్టూ ఊపిరాడని కణాలకు ఆక్సిజన్ కూడా అందుతుంది.

అరగంటలో తిమ్మిరి బాగా తగ్గింది. మాస్క్ తీసేయొచ్చా అని అడిగితే డైవ్ లీడర్ ఒప్పుకోలేదు. "తగ్గిందంటే పోయిందని కాదండీ. దారిలో మళ్లీ రావచ్చు. చాంబర్ దాకా ఇది ముఖం మీదే ఉండాలి" అన్నాడు. చాంబర్ అంటే లోపల గాలి ఒత్తిడి పెంచి ఈ జబ్బుకి వైద్యం చేసే మూసిన గది. అన్నట్టే ఆస్పత్రికి చేరేలోపు ఆక్సిజన్ పెట్టుకునే ఉన్నా కుడికాలు మళ్లీ బరువెక్కింది. వెన్నుపాము కేసుల్లో ఇలా ఒకసారి తేలికపడి మళ్లీ తిరగబెట్టడం మామూలేనట. లక్షణాలు ఎక్కువమందికి మొదటి 6 గంటల్లోపే కనిపిస్తాయి, దాదాపు అందరికీ 24 గంటల్లోపు బయటపడతాయి. పైకి వచ్చిన కొద్ది నిమిషాలకే మొదలైతే వ్యవహారం తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చేసిన పరీక్ష నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. "కళ్లు మూసుకోండి" అని నా కుడిపాదం బొటనవేలిని రెండు పక్కల నుంచి పట్టుకుని కొంచెం కదిపారు. "పైకా, కిందికా?" అని అడిగారు. నేను వేలు కదిలించారన్న సంగతి కూడా గుర్తించలేదు. "కదిపారా?" అని అడిగాను. ఎడమపాదంతో తేలిగ్గా చెప్పగలిగాను. తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని చీలమండ ఎముక మీద ఆనించారు. ఎడమవైపు జివ్వుమంది, కుడివైపు చల్లటి ఇనుప ముక్కే తప్ప కంపనం లేదు. అప్పటిదాకా చెడిపోయింది కుడికాలే, ఎడమకాలు బాగానే ఉందని నేను ధైర్యంగా ఉన్నాను. తర్వాత ఆవిడ పిన్ను తీసుకున్నారు. ఎడమకాలి మీద గుచ్చుతుంటే ఏదో తాకుతున్నట్టు తెలుస్తోంది కానీ మొన ఏదో, వెనక భాగం ఏదో తేడా తెలియడం లేదు. పిన్నుని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ వచ్చారు. బొడ్డు దాకా వచ్చాక ఒక్కసారిగా చురుక్కుమంది. అక్కడ బాల్‌పెన్‌తో గీత గీశారు. ఒంటి చుట్టూ అలాగే వెతికి చుక్కలు పెట్టి కలిపారు.

కుడికాలికి బలం లేదు, ఎడమకాలికి నొప్పీ వేడీ తెలియవు. ఇదేం విడ్డూరమని నాకు భయం వేసింది. ఆవిడకి మాత్రం దెబ్బ ఎక్కడ తగిలిందో దీంతోనే తెలిసిపోయింది. నొప్పి, వేడి, చలి కబుర్లు మోసే తంతువులు వెన్నుపాములోకి రాగానే కొద్ది దూరంలోనే అవతలి పక్కకి దాటి పైకి వెళతాయి. కండరాన్ని కదిలించే తంతువులు, పాదం ఎక్కడుందో చెప్పే తంతువులు మాత్రం వెన్నుపాము పొడవునా అదే పక్కన ఉండి, పైన మెదడు కాండం దగ్గర పక్క మారతాయి. కాబట్టి వెన్నుపాములో కుడి సగం దెబ్బతింటే కుడికాలి బలం, ఎడమకాలి నొప్పి కలిసి పోతాయి. బొడ్డు చుట్టూ ఉండే చర్మం నుంచి వచ్చే నరం ఛాతీ భాగంలోని 10వ నరం. గీత అక్కడ పడింది కాబట్టి దెబ్బ ఆ మట్టంలో, లేదా దానికి కాస్త పైన. ఏ యంత్రమూ లేకుండా ఒక పిన్ను, ఒక ఫోర్క్, రెండు చేతులతో ఆవిడ ఇంత తేల్చారు.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "డైవ్ తర్వాత మూత్రానికి వెళ్లారా?" వెళ్లలేదు. వెళ్లాలని కూడా అనిపించలేదు. స్కాన్ చేస్తే మూత్రాశయంలో 700 మిల్లీలీటర్లకు పైగా ఉంది. మామూలుగా అందులో సగం నిండకముందే మనిషికి ఒత్తిడి తెలియాలి. మూత్రాశయాన్ని నడిపే నరాలు వెన్నుపాము అడుగున త్రికాస్థి భాగంలో ఉంటాయి. అవి మెదడుతో మాట్లాడాలంటే ఛాతీ భాగం మీదుగానే వెళ్లాలి. ఆ దారి మధ్యలో తెగింది. మూత్రం బయటికి తీసే గొట్టం, కాథెటర్ వేశారు. దాని చివర ఉండే చిన్న బెలూన్‌ని నర్సు నీళ్లతోనే నింపింది, నింపాక డాక్టరమ్మ మరోసారి అడిగి రూఢి చేసుకున్నారు. గాలి ఉంటే చాంబర్ ఒత్తిడికి ముడుచుకుపోయి గొట్టం జారిపోతుంది.

ముందు ఎంఆర్ఐ తీయిస్తే మంచిది కదా అని మా మిత్రుడు అడిగాడు. డాక్టరమ్మ వద్దన్నారు. మొదటి గంటల్లో ఎంఆర్ఐ మామూలుగా కనిపించినా జబ్బు లేదని కాదు, అందులో మచ్చ కనిపించినా చేసే వైద్యం ఇదే. ఆలస్యమైన కొద్దీ బుడగ చేసే నష్టం పెరుగుతుంది. అందుకని ముందు చాంబర్. (కొన్నాళ్ల తర్వాత తీసిన ఎంఆర్ఐలో, ఆవిడ పెన్నుతో గీసిన గీతకి సరిపోయే మట్టంలోనే తెల్లటి మచ్చ కనిపించింది.)

బుడగ అంటే చిన్నది, కరిగిపోతే అయిపోయింది అని చాలామంది అనుకుంటారు. వెన్నుపాములో అది చేసే నష్టం ఒక్క రకం కాదు. వెన్నుపాము చుట్టూ ఒక సిరల అల్లిక ఉంటుంది. అందులో రక్తం చాలా నెమ్మదిగా, కవాటాలు లేకుండా కదులుతుంది. బుడగలు అక్కడ పోగై దారి మూసేస్తే, వెన్నుపాములోంచి బయటికి రావాల్సిన రక్తం వెనక్కి తన్నుతుంది, లోపల వాపు వస్తుంది, కొత్త రక్తం అందదు. 1970ల్లో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. రెండోది, మైలిన్ నిండుగా ఉన్న తెల్ల పదార్థంలో, అంటే కబుర్లు మోసే తంతువులు ఉన్నచోటనే, బుడగలు పుట్టి తంతువులని నొక్కడం, చీల్చడం. అక్కడ కొవ్వు ఎక్కువ, రక్తప్రవాహం తక్కువ. చేరిన నైట్రోజన్ త్వరగా పోదు. మూడోది, సిరల్లోని బుడగలు ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుని ధమనుల్లోకి వెళ్లి పైనుంచి వచ్చిపడటం. ఏ దారిన వచ్చినా, బుడగ తాకిన రక్తనాళం లోపలి పొర దెబ్బతింటుంది. దానికి ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు అంటుకుంటాయి, రక్తం గడ్డకడుతుంది, వాపు పెరుగుతుంది. బుడగ కరిగిపోయాక కూడా ఈ తంతు నడుస్తూనే ఉంటుంది. వైద్యానికి తొందరపడేది ఇందుకే.

చాంబర్‌లోకి వెళ్లేముందు నూలు బట్టలు ఇచ్చారు. ఫోన్, వాచీ, నూనె రాసుకున్న జుట్టు, లిప్‌బామ్, ఏవీ కుదరవు. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా ప్రాణాంతకం. నాతో పాటు లోపల ఒక అటెండెంట్ కూర్చున్నాడు. తలుపు మూశాక పెద్ద హోరుతో గాలి లోపలికి వచ్చింది, వెంటనే ఉక్కపోత. చెవుల్లో ఒత్తిడి సరిచేసుకుంటూ 18 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడికి, అంటే 2.8 వాతావరణాలకు చేరాం. అమెరికా నౌకాదళం రూపొందించిన ట్రీట్‌మెంట్ టేబుల్ 6 అంటారు ఆ పద్ధతిని. ప్రపంచంలో చాలాచోట్ల నరాల మీద ప్రభావం ఉన్నవాళ్లకు మొదట ఇచ్చేది అదే. 20 నిమిషాలు మాస్క్‌తో ఆక్సిజన్, 5 నిమిషాలు మాస్క్ తీసి మామూలు గాలి, మళ్లీ ఆక్సిజన్. ఆ విరామం ఎందుకంటే, అంత ఒత్తిడిలో ఆక్సిజన్ ఎక్కువైతే మెదడు మీద పనిచేసి ఫిట్స్ తెప్పించగలదు. పెదవులు అదురుతున్నాయా, చూపు ఇరుకవుతోందా, వికారంగా ఉందా అని అటెండెంట్ మధ్యమధ్యలో అడుగుతూనే ఉన్నాడు.

ఒత్తిడి పెంచితే బుడగ నలిగిపోతుందని నేను అనుకున్నాను. లెక్క చూస్తే అంత సులువు కాదు. 2.8 వాతావరణాల దగ్గర బుడగ ఘనపరిమాణం దాదాపు మూడో వంతుకి తగ్గుతుంది కానీ, గుండ్రటి బుడగ అడ్డుకొలత తగ్గేది 30 శాతమే. సన్నటి రక్తనాళంలో ఇరుక్కున్నది అంత మాత్రానికి వదులుతుందని చెప్పలేం. అసలు పని చేసేది ఆక్సిజన్. చుట్టూ ఉన్న రక్తంలో నైట్రోజన్ లేకుండా పోతే బుడగలోని నైట్రోజన్ బయటికి వచ్చేస్తుంది. వాపు కూడా తగ్గుతుంది. 1878లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ ఈ జబ్బుకి మూలం నైట్రోజన్ బుడగలని రుజువు చేసి, ఆక్సిజన్ పీల్చడం మేలు చేస్తుందని కూడా చెప్పాడు. అది అన్నిచోట్లా వైద్యంగా నిలదొక్కుకోవడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

మొదటి విడత ఆక్సిజన్ అయ్యాక ఏ మార్పూ లేదు. నాకు టెన్షన్ మొదలైంది. రెండో విడత మధ్యలో అటెండెంట్ నా కుడిపాదం బొటనవేలు పట్టుకుని కళ్లు మూసుకోమన్నాడు. వేలు ఎటో కదిలింది. "కిందికి" అన్నాను. మాస్క్ లోపల నా గొంతు అతనికి వినిపించలేదు. చేత్తో కిందికి చూపించాను. అతను బయట కిటికీ దగ్గరున్న డాక్టరమ్మకి బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను ఏడ్చేశాను.

లక్షణాలు పూర్తిగా పోలేదు కాబట్టి ఆ ఒత్తిడిలోనే అదనపు విడతలు ఇచ్చారు. తర్వాత నిమిషానికి ఒక అడుగు చొప్పున 9 మీటర్ల మట్టానికి తీసుకొచ్చి అక్కడ మళ్లీ ఆక్సిజన్, గాలి. పొడిగింపులు లేకుంటేనే మొత్తం 4 గంటల 45 నిమిషాలు పడుతుంది. ఒత్తిడి తగ్గేటప్పుడు లోపలంతా చల్లబడి పొగమంచు కమ్మింది. బయటికి వచ్చేసరికి కుడికాలు మంచం మీద నుంచి ఎత్తగలుగుతున్నాను. నిలబడలేను.

ఆ తర్వాత రోజుకోసారి చిన్న సెషన్లు. వరస సెషన్లలో కొత్త మెరుగుదల ఏమీ కనిపించనప్పుడు ఆపేస్తారు. ఆ సెషన్లలో నా పక్కన ఇంకొకాయన ఉండేవారు. ఆయన కాళ్లు, చేతులు బాగానే ఉన్నాయి. బుడగ వెళ్లింది లోపలి చెవికి. పైకి వచ్చాక గది అంతా గిర్రున తిరగడం, ఆగకుండా వాంతులు, ఒక చెవి వినపడకపోవడం. మొదట సముద్రపు ప్రయాణం పడలేదనుకున్నారట. మెదడుకి వెళితే ఇంకో రకం. చూపు మసకబారడం, మాట తడబడటం, మనిషి మందకొడిగా, అయోమయంగా మారడం. విపరీతమైన అలసట కూడా ఇందులో భాగం కావచ్చు. వెన్నుపాము, మెదడు, లోపలి చెవి, మూడింటికీ మొదటి వైద్యం మాత్రం ఇదే.

ఇంటికి రావడానికి విమానం ఎక్కనివ్వలేదు. విమానం లోపల ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నంతే ఉంటుంది. మిగిలిన చిన్న బుడగలు మళ్లీ పెరిగే ప్రమాదం ఉంది. డాక్టర్లు సరేననేదాకా ఆగాను. మామూలుగా ఏ జబ్బూ రాని డైవర్ కూడా ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరస డైవ్‌ల తర్వాత 18 గంటలు విమానం ఎక్కకూడదు.

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలైంది. పగలు చేతికర్రతో బాగానే నడిచేవాణ్ణి. రాత్రి లైటు ఆపితే నిలబడలేకపోయేవాణ్ణి. కుడికాలు ఎక్కడుందో మెదడుకి చెప్పే నరాలు పూర్తిగా కోలుకోలేదు. పగలు ఆ పని కళ్లు చేస్తున్నాయి. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే చాలు, తూలిపోయేవాణ్ణి. గదిలో రాత్రంతా సన్న లైటు వేసి ఉంచడం, ముఖం కడిగేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆనించడం ఫిజియోథెరపిస్ట్ నేర్పిన మొదటి పాఠాలు. ఎడమకాలి సంగతి ఇంకా ప్రమాదకరం. స్నానానికి పెట్టుకున్న వేడినీళ్లు ఎడమ పిక్క మీద పడితే తడి మాత్రమే తెలిసేది. కుడికాలి మీద పడ్డాక గానీ అవి మరుగుతున్నంత వేడిగా ఉన్నాయని తెలియలేదు. అప్పటి నుంచి నీళ్లని చేత్తో చూశాకే పోసుకుంటున్నాను.

నరాలు కోలుకునేటప్పుడు బలంతో పాటు బిగుతు కూడా వస్తుంది. మెట్టు అంచు మీద కుడిపాదం ముందుభాగం ఆనిస్తే మడమ తనంతట తనే టకటకా కొట్టుకునేది. ఆపాలన్నా ఆగదు, మడమని పూర్తిగా కిందికి నొక్కితేనే ఆగుతుంది. పైనున్న మెదడు అదుపు తగ్గినప్పుడు వెన్నుపాములోని రిఫ్లెక్స్ పగ్గాలు తెంచుకుంటుందని వివరించారు. తర్వాత కొన్ని వారాలకి నొప్పి వచ్చింది. వేడీ సూదీ తెలియని ఆ ఎడమకాలిలోనే మంట. బయటి నుంచి వచ్చే వేడిని పట్టుకోలేని నరాలు, లోపలి నుంచి లేని వేడిని పుట్టిస్తున్నాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మందుతో చాలావరకు అదుపులోకి వచ్చింది.

అన్నిటికంటే ఆలస్యంగా కోలుకున్నది మూత్రాశయం. కాథెటర్ తీసేశాక, కొన్ని గంటలకోసారి నేనే శుభ్రమైన గొట్టంతో ఖాళీ చేసుకోవడం నేర్పారు. కష్టంగా ఉంటుందని భయపడ్డాను. చేయి తిరిగాక పళ్లు తోముకున్నంత మామూలైపోయింది. ఒత్తిడి తెలియదు కాబట్టి గడియారమే దిక్కు. మలబద్ధకం కూడా దీనికి తోడు. దాంపత్య జీవితం మీద ప్రభావం గురించి నేను అడగలేక ఊరుకుంటే, న్యూరాలజిస్టే తలుపు వేసి తనంతట తను అడిగారు. ఆ నరాలు కూడా అదే దారిలో ఉంటాయి, మందులున్నాయి, మొహమాటపడితే వైద్యం ఆగిపోతుంది అన్నారు. ఎవరైనా ఈ స్థితిలో ఉంటే ఆ ప్రశ్న వాళ్ల డాక్టర్‌ని తప్పక అడగాలి.

మంచం మీద ఉన్న రోజుల్లో ఈ జబ్బు చరిత్ర చదివాను. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు నదీగర్భంలో అధిక పీడనపు పెట్టెల్లో పనిచేసిన కూలీలు, వాళ్లతో పాటు దిగిన చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ దీని బారినపడ్డారు. 1872 తర్వాత ఆయన పని జరిగే చోటికి రాలేని స్థితిలో ఇంట్లోంచే పనులు చూస్తే, భార్య ఎమిలీ ఆయన సూచనలని ఇంజినీర్లకి చేరవేస్తూ వచ్చింది. వంతెన 1883లో తెరిచారు. గ్రీసులో స్పాంజ్ కోసం దిగే డైవర్లలో హెల్మెట్ సూట్లు వచ్చాక ఎంతోమంది కాళ్లు పడిపోయి మిగిలారు. వాళ్లకి ఆక్సిజన్ లేదు, చాంబర్ లేదు. చదువుతున్నంతసేపూ వాళ్ల గురించే ఆలోచించాను.

కాస్త కోలుకున్నాక గుండె పరీక్ష చేశారు. చేతి సిరలోకి సెలైన్‌ని కొద్దిపాటి గాలితో బాగా కుదిపి, సన్నటి బుడగలతో ఎక్కిస్తారు. గుండె స్కాన్ (ఎకో) తెర మీద గుండె కుడి గదులు తెల్లగా మెరిశాయి. ఆ బుడగలు అక్కడి నుంచి ఊపిరితిత్తులకే వెళ్లి వడపోతకు గురికావాలి. ముక్కు మూసుకుని బలంగా ముక్కి, ఒక్కసారి వదలమన్నారు. వదిలానో లేదో, ఎడమవైపు గదిలోకి తెల్లటి చుక్కలు గుంపుగా దూకాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య ఉండే చిన్న ద్వారం పుట్టాక పూర్తిగా మూసుకోకపోతే దాన్ని పీఎఫ్‌ఓ అంటారు. సుమారు నలుగురిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియదు. నా బుడగలు ధమనుల్లోకి వెళ్లడానికి ఇదొక దారి అయి ఉండొచ్చని డాక్టర్లు అన్నారు. ఇదే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేదు, చెప్పలేరు కూడా.

ఆ ద్వారాన్ని చిన్న పరికరంతో మూసేయించుకుని మళ్లీ డైవింగ్‌కి వెళ్లినవాళ్లున్నారు. నన్ను కూడా స్నేహితులు అదే అడుగుతున్నారు, ఇప్పుడు బాగానే నడుస్తున్నావు కదా అని. నా నిర్ణయం గుండెని బట్టి తీసుకోలేదు, వెన్నుపాముని బట్టి తీసుకున్నాను. 1981లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. వెన్నుపాము డికంప్రెషన్ నుంచి దాదాపు పూర్తిగా కోలుకున్న ఒక డైవర్, కొన్నేళ్లకి సంబంధం లేని వేరే కారణంతో చనిపోయాడు. వెన్నుపాముని పరీక్షిస్తే లోపల విస్తారంగా దెబ్బతిని ఉంది. పైకి బాగానే నడిచిన మనిషి. చచ్చిన తంతువులు మళ్లీ మొలవలేదు, మిగిలినవే ఆ పని కూడా నెత్తికెత్తుకున్నాయి. నేను బాగా నడుస్తున్నానంటే నా దగ్గర ఉన్న నిల్వ ఖర్చయిందని అర్థం. ఇంకో దెబ్బ తగిలితే తీసుకోవడానికి అంత మిగల్లేదు. వయసుతో తగ్గేది ఎలాగూ తగ్గుతుంది. అందుకని డైవింగ్ పూర్తిగా మానేశాను. మానడం తేలిక కాలేదు. నీళ్ల కింద గడిపిన సమయం నాకు చాలా ఇష్టమైనది, ఆ లోటు ఉంది.

ఇప్పుడు మా మిత్రులు డైవింగ్‌కి వెళ్లేముందు నన్ను పిలుస్తారు. పడవ మీదే కొద్ది నిమిషాల్లో చేయగలిగే నరాల పరీక్షని వాళ్లతో చేయిస్తాను. పేరు, తేదీ, చిన్న కూడిక అడగడం. కళ్లు అటూ ఇటూ తిప్పించడం, నవ్వమనడం, చెవి దగ్గర వేళ్లు రుద్దడం. చేతులు, కాళ్లు ఒకదానితో ఒకటి పోల్చి బలం చూడటం. మొనతో, వేడితో రెండు పక్కలా తాకి తేడా అడగడం. ఒక మడమ ముందు ఇంకో పాదం పెట్టి, కళ్లు మూయించి నిలబెట్టడం. ఫలితాన్ని టైమ్‌తో సహా కాగితం మీద రాయాలి, ఎందుకంటే చాంబర్ డాక్టర్‌కి అప్పటికీ ఇప్పటికీ తేడా కావాలి. పరీక్ష కోసం ఆక్సిజన్‌ని మాత్రం ఆపకూడదు. మూత్రం గురించి అడగడానికి అందరూ కాస్త తటపటాయిస్తారు. ఆ ప్రశ్నని వాళ్ల చేత నోరారా పలికిస్తాను, అవతలివాళ్లు జవాబు చెప్పాకే కాగితం తీసుకుంటాను.